ఉన్నాం, ఉంటాం, ఉంటన్నాం

పోస్టు కొంచెం పెద్దదే. మెస్సు లైన్లో నిలబడైనా సరే, చివరిదాకా చదవండి. ఇది ఇంటి గురించి, భాష గురించి. ఈ రెండూ వేరు వేరు సంగతులని మేం కూడా అనుకునేవాళ్ళం. ఒక కాగితం రాయాల్సి వచ్చినప్పుడు తెలిసింది, రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయని.

మేం బందరులో హాస్టల్లో ఒకే గదిలో ఉండే నలుగురం. ఇద్దరం యానాదులం, గిలకలదిండి అవతల కాలవ గట్టు మీద పుట్టి పెరిగినవాళ్ళం. ఒకడు ఎరుకల తమ్ముడు, గుడివాడ దగ్గర ఊరు. ఇంకొకాయన తిరువూరు వైపు తండా నుంచి వచ్చిన లంబాడీ అన్న. నలుగురికీ ఇరవై అటూ ఇటూ. మా నలుగురి ఇళ్ళల్లో కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. అందుకని స్కాలర్‌షిప్ ఫారం దగ్గర్నుంచి కులం సర్టిఫికెట్ దాకా మా కాగితాలు మేమే రాసుకుంటాం. మా గట్టు వాళ్ళ కాగితాలూ మేమే రాస్తాం.

లంబాడీ అన్నకు హైదరాబాద్ ఇఫ్లూలో స్పానిష్ చదవాలని ఆశ. పరాయి దేశాల భాషలు వస్తే కంపెనీల్లో ఉద్యోగం త్వరగా దొరుకుతుందని సీనియర్ ఒకాయన చెప్పాడంట. అప్పట్నుంచి రాత్రి లైట్లు ఆపేశాక ఫోన్లో పాఠాలు. ఒకరు చదివితే నలుగురికీ వినపడే గది మాది. అలా మాకూ నాలుగు ముక్కలు అంటుకున్నాయి.

ఒక రాత్రి పాఠం 'ఇప్పుడు జరుగుతున్న పనులు ఎలా చెప్పాలి' అని. "తింటున్నాను" అనడానికి స్పానిష్‌లో "ఎస్తోయ్ కొమియెందో" అంటారు. కొమియెందో అంటే తింటూ. ఎస్తోయ్ అంటే ఉన్నాను. దీని అసలు క్రియ 'ఎస్తార్'. ఎక్కడున్నావ్, ఎలా ఉన్నావ్ అని అడగాలన్నా అదే క్రియ. అది లాటిన్‌లో 'నిలబడు' అనే మాట నుంచి వచ్చింది.

అది వినగానే ఎరుకల తమ్ముడు లేచి కూర్చున్నాడు. "మనదీ అంతే కదా, తింటూ ఉన్నాను" అన్నాడు. నిజమే. పాత పుస్తకాల్లో 'తినుచున్నాను', ఇప్పటి పుస్తకాల్లో 'తింటున్నాను', మా గట్టు మీద 'తింటన్నా'. ఎలా పలికినా దాని కడుపులో 'ఉన్నా' అనేది ఉంది. హిందీలో 'ఖా రహా హూఁ' అంటారు. రహ్నా అంటే కూడా ఉండటమే, కాపురముండటమే. లంబాడీ అన్న వాళ్ళ గోర్ భాషలో 'కాయి కరరోచి' అంటే ఏం చేస్తన్నావ్ అని. ఆ 'రో'కీ హిందీ 'రహా'కీ చుట్టరికం ఉన్నట్టుంది అని అన్న అన్నాడు. ఎరుకల భాష తమిళానికి దగ్గర. తమిళంలో 'సాప్పిట్టుకిట్టిరుక్కేన్' అంటారు, అందులో 'ఇరు' అంటే మళ్ళీ ఉండటమే.

ఎక్కడో సముద్రాల అవతలి భాష, ఇక్కడి మా నలుగురి భాషలు, అన్నీ ఒకటే దారి పట్టాయి. ఒక పని సాగుతోందని చెప్పాలంటే 'ఉండటం' అనే మాట సాయం తీసుకున్నాయి. ముందు మనిషి ఒక చోట ఉండాలి. ఆ తర్వాతే తినటమైనా, చదవటమైనా.

ఇంతవరకు ఇది వ్యాకరణం. ఇక్కడ్నుంచి మా బతుకు.

తెలుగులో 'ఉండు' అనే ఒక్క మాటకు ఎన్ని పనులో చూడండి. "ఎక్కడున్నారు?" అంటే ఈ నిమిషం ఎక్కడ అని. "ఎక్కడ ఉంటారు?" అంటే మీ ఇల్లెక్కడ అని. "బందరులో ఉంటాం" అన్నవాడికి అక్కడ ఇల్లూ వాకిలీ ఉన్నట్టు వినపడుతుంది. "బందరులో ఉంటన్నాం" అంటే అందులో కొంచెం అద్దె వాసన వస్తుంది, రేపు వెళ్ళిపోతారేమో అనిపిస్తుంది. స్పానిష్‌లోనూ ఇలాంటి తేడానే ఉంది. 'వివో అకీ' అంటే ఇక్కడ ఉంటాను. 'ఎస్తోయ్ వివియెందో అకీ' అంటే ప్రస్తుతానికి ఇక్కడ ఉంటున్నాను.

ఇక లేదు, లేడు, లేరు. "నాయన ఉన్నాడా?" అని అడిగితే "లేడు" అంటాం. వేటకెళ్ళినా లేడు. పనికి ఊరెళ్ళినా లేడు. చనిపోయినా లేడు. మూడింటికీ ఒకటే మాట. వినేవాడికి సందర్భం తెలియాలి. తెలియకపోతే ఏమవుతుందో చెప్తాం.

ముందు మా ఇల్లు ఎలా ఉంటుందో చెప్పాలి. సరుగుడు కర్రలు, తాటాకు కప్పు, మట్టి అలికిన నేల, తడిక తలుపు. చూరు బాగా కిందికి దిగి ఉంటుంది, నడుం వంచి లోపలికెళ్ళాలి. కాలేజీ స్నేహితులు ఎవరైనా వస్తే "ఇంత కిందికెందుకు కట్టారు, డబ్బుల్లేకా?" అంటారు. డబ్బుల్లేకపోవటం నిజమే. కానీ చూరు కిందికి ఉండటానికి కారణం అది కాదు, గాలి. సముద్రం వైపు నుంచి వచ్చే గాలి ఎత్తయిన కప్పు కింద దూరిందంటే ఊడబెరుక్కుని పోతుంది. కిందికి దిగిన కప్పు మీదుగా జారిపోతుంది. మన తీరం పొడుగునా పాతకాలం చుట్టిళ్ళు గుండ్రంగా ఉండేది కూడా ఇందుకే. మూలలు లేకపోతే గాలికి ఢీకొట్టడానికి చోటుండదు, చుట్టూ తిరిగి పోతుంది.

తాటాకు రెండు మూడేళ్ళకు చివుకుతుంది. అప్పుడు మళ్ళీ కప్పాలి. మా గట్టు మీద ఒకరి కప్పు ఒకరే వేసుకోరు. ఒకరోజు ఒక ఇల్లు, అందరూ వస్తారు. మగవాళ్ళు పైకెక్కి కడితే ఆడవాళ్ళు ఆకు అందిస్తారు. ఆ ఇంటివాళ్ళు ఆరోజు అందరికీ పీతల పులుసు, అన్నం పెడతారు. కూలి లేదు, లెక్క లేదు, రేపు వాళ్ళింటికి వీళ్ళు వెళ్తారు. అందుకే మా వాళ్ళు "ఇల్లు కట్టేశాం" అని ఎప్పుడూ అనరు. "కప్పుతన్నాం" అంటారు. మా ఇల్లు ఒకసారి కట్టి వదిలేసేది కాదు, ఎప్పుడూ జరుగుతా ఉండే పని.

లంబాడీ అన్న వాళ్ళ తండాలో తీజ్ పండగకి పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్ళు పోసి మొలకలు పెంచుతారు. ఒక్కరోజు నీళ్ళు మానినా పండగ పాడే. ఎరుకల తమ్ముడి జేజి చిన్నతనంలో ఇల్లంటే గాడిద మీద వేసుకెళ్ళే తట్టీలు, చాపలు. ఊరి చివర దింపి నిలబెడితే ఇల్లు, మళ్ళీ చుట్టేస్తే ప్రయాణం. ఈదరి బుట్టలు, ఆ ఊరి గింజలు. మా నలుగురి ఆచారాలూ వేరు. అన్నీ రోజూ చేస్తా ఉంటేనే బతికుండేవి, అది మాత్రం ఒకటే.

అలాగని తాటాకు ఇల్లే గొప్పది, అందులోనే ఉంటాం అని మేం అనటం లేదు. బందరువాళ్ళకు గాలివాన గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. 1864 నవంబర్ 1న వచ్చిన ఉప్పెనలో ఈ ఊళ్ళో, చుట్టుపక్కల దాదాపు 30 వేల మంది పోయారని చెప్తారు. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో సర్కారు లెక్కే దాదాపు 10 వేలు. గాలికి ఆగిన గుడిసె నీళ్ళకు ఆగదు. మాకు పక్కా ఇల్లే కావాలి. మా అమ్మకు కూడా స్లాబ్ కింద భయం లేకుండా నిద్రపోవాలని ఉంది. అందుకే ఈ గొడవంతా.

మా గట్టు వాళ్ళలో చాలామంది ఏటా కొన్ని నెలలు గట్టు మీద ఉండరు. కైకలూరు, గుడివాడ వైపు చేపల చెరువుల కాపలాకి పోతారు. చెరువు గట్టు మీద వాళ్ళిచ్చిన షెడ్డులో ఉండి, పంట తీశాక తిరిగొస్తారు. తిరిగొచ్చాక పోటూ పాటూ చూసుకుని మడ అడవుల్లో పీతలు, కాలవలో చేపలు. వరి కోతలప్పుడు ఎలకల పని. బొరియ దగ్గర కుండలో గడ్డి పెట్టి పొగ ఊదితే ఎలకలు బయటికొస్తాయి. రైతుకు పంట మిగులుతుంది, మాకు కూర దొరుకుతుంది, బొరియలో దాచిన గింజలు కూడా. ఇది మా ఏడాది. ఎక్కడికెళ్ళినా మనిషి తిరిగొచ్చేది గట్టు మీదికే.

రెండేళ్ళ కిందట ఇళ్ళ స్థలాల సర్వే అని ఒకాయన వచ్చారు. మేం హాస్టల్లో ఉన్నాం. అమ్మా నాయనా చెరువు మీద ఉన్నారు. తడికకు తాడు కట్టి ఉంది. పక్కింటి పెద్దమ్మను అడిగారంట, "ఈ ఇంట్లోవాళ్ళు ఉన్నారా?" అని. పెద్దమ్మ "లేరయ్యా" అంది. ఆమె అన్నది నూటికి నూరు పాళ్ళు నిజం. ఆ నిమిషం వాళ్ళు లేరు. ఆయన కాగితంలో "ఇక్కడ నివసించడం లేదు" అని రాసుకుని వెళ్ళారు. 'ఉన్నారా' అని అడిగి, 'ఉంటారా' అనే ప్రశ్నకు జవాబు రాసుకున్నారు. ఒక్క మాట తేడా. జాబితా వచ్చినప్పుడు మా గట్టు మీద ఆరు ఇళ్ళు లేవు. ఆరూ తాడు కట్టిన తడికలే.

అప్పుడు అర్జీ రాయటానికి మేం కూర్చున్నాం. మొదటి వాక్యం దగ్గరే పెన్ను ఆగింది. "మేము ఇక్కడ ఉన్నాము" అని రాస్తే సరిపోదు, ఈరోజుకు ఉన్నారంతే అంటారు. "ఉంటున్నాము" అని మాత్రమే రాస్తే, తాత్కాలికమా అంటారు. "ఉండేవాళ్ళము" అని పొరపాటున కూడా రాయకూడదు. లంబాడీ అన్న అప్పుడు స్పానిష్ పాఠంలో విన్న ఇంకో వాక్యం చెప్పాడు. ఒక పని ఎన్నేళ్ళుగానో ఆగకుండా సాగుతోందని చెప్పాలంటే వాళ్ళు 'యెవార్' అనే క్రియ వాడతారంట. యెవార్ అంటే మోసుకుపోవటం. "యెవామోస్ త్రెయింతా ఆన్యోస్ వివియెందో అకీ." 30 ఏళ్ళుగా ఇక్కడ ఉంటున్నాం అని అర్థం. మాటకు మాట చూస్తే, 30 ఏళ్ళను మోస్తున్నాం, ఇక్కడ బతుకుతూ.

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అమ్మ తల మీద తాటాకు మోపు గుర్తొచ్చింది.

చివరికి ఇలా రాశాం: "30 సంవత్సరాల నుండి ఇదే గట్టు మీద, ఇదే ఇంట్లో ఉంటున్నాము. ప్రతి సంవత్సరం కొన్ని నెలలు చెరువుల కాపలా పనికి వెళ్ళి, తిరిగి ఇదే ఇంటికి వస్తున్నాము." ముందు ఏళ్ళ లెక్క పెడితే 'ఉంటున్నాము'లో అద్దె వాసన పోతుంది, వేరు దిగుతుంది. వెళ్ళటం పక్కనే రావటం పెట్టాం. మనవాళ్ళు గడప దాటేటప్పుడు ఊరికే "వెళ్తాం" అనరు, అది అపశకునం. "వెళ్ళొస్తాం" అంటారు. మా వాళ్ళ వలస మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. రేషన్ కార్డు, ఓటరు కార్డు, కరెంటు బిల్లుల నకళ్ళు జతచేసి ఇచ్చాం. ఆరింటికీ ఆరు అర్జీలు. అవి ఇంకా నడుస్తానే ఉన్నాయి. మేమూ తిరుగుతానే ఉన్నాం.

ఇది మా ఒక్క గట్టు సంగతి కాదు. మన జనం గురించి ఎవరు ఏ క్రియతో రాస్తున్నారో ఒకసారి గమనించండి. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 నుంచి మద్రాసు రాష్ట్రంలోనూ అది అమలైంది, ఎరుకలను అందులో చేర్చారు. పేరు నమోదైనవాళ్ళు చెప్పిన వేళకు పోలీసుల ముందు హాజరు పలకాలి. అప్పుడు సర్కారు రోజూ అడిగింది, "ఉన్నావా?" అని. "ఉన్నాను" అనకపోతే నేరం. 1952లో ఆ చట్టం పోయింది. మనిషి పారిపోకుండా చూడటానికి రోజూ అడిగిన మాటే, ఇల్లివ్వాల్సొచ్చినప్పుడు ఒక్కసారి సరిగ్గా అడగరు.

శ్రీహరికోట చూడండి. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. 1971 అక్టోబర్ 9న అక్కడి నుంచి మొదటి రాకెట్ లేచింది. దీవిలోని యానాది కుటుంబాలు ఇల్లూ అడవీ వదిలి కదలాల్సొచ్చింది. ఇప్పుడు ఆ చరిత్ర ఎక్కడ చదివినా "అక్కడ యానాదులు ఉండేవారు" అనే వాక్యం ఒకటి వస్తుంది, అక్కడితో మన సంగతి అయిపోతుంది. ఆ తర్వాత ఎక్కడ ఉంటున్నారు అనే వాక్యం రాయరు.

స్పానిష్ పాఠంలోనూ ఇదే కనిపించింది. కరీబియన్ దీవుల్లో తాయినో అనే ఆదివాసులు ఉన్నారు. 1492లో కొలంబస్ దిగింది వాళ్ళ నేల మీదే. వాళ్ళ ఇంటిని బోహీయో అంటారు, గుండ్రంగా, కర్రలు పాతి పైన తాటి జాతి ఆకు కప్పిన ఇల్లు. బొమ్మ చూడగానే మా ఇద్దరికీ మన చుట్టిల్లే అనిపించింది. అక్కడా పెనుగాలులే మరి. ఆ గాలివానకు వాళ్ళు పెట్టుకున్న పేరే స్పానిష్‌లో 'ఉరకాన్' అయింది, ఇంగ్లీషులో 'హరికేన్' అయింది. పడవకు 'కనోవా', ఊగే పడకకు 'అమాకా', ఇవీ స్పానిష్‌వాళ్ళు వాళ్ళ దగ్గర తీసుకున్న మాటలే. మాటలన్నీ తీసుకున్నారు. మనుషుల దగ్గరికొచ్చేసరికి 'వివీయాన్' అని రాశారు. నివసించేవారు అని. అంతరించిపోయారని పుస్తకాలు చెప్పాయి. కానీ ప్యూర్టో రికో లాంటి చోట్ల "మేం తాయినోలం, మేం ఉన్నాం" అని చెప్పుకునేవాళ్ళు ఈరోజుకీ ఉన్నారు.

అది విన్న రాత్రి ఎరుకల తమ్ముడు అన్నాడు: "మనల్ని చంపడానికి కత్తి అక్కర్లేదు రా, 'ఉండేవారు' అని రాస్తే చాలు."

అందుకని ఈ గ్రూపులో ఉన్న అందరికీ ఒక మాట. జనాభా లెక్కలు 2011 తర్వాత జరగలేదు, ఇప్పుడు 2027 లెక్కలు. ముందు ఇళ్ళ లెక్క. గోడ దేనితో, కప్పు దేనితో, నేల ఎలాంటిది అని అడుగుతారు. తర్వాత మనుషుల లెక్క. అందులో మాతృభాష ఏది అని అడుగుతారు. ఇల్లు, భాష, రెండూ ఒకే లెక్కలో. మీ అమ్మానాయనలు పనికెళ్ళి ఉంటే పక్కింటివాళ్ళకు ముందే చెప్పి పెట్టండి. "లేరు" అని ఆపొద్దని, "ఇక్కడే ఉంటారు, పనికెళ్ళారు, వస్తారు" అని పూర్తిగా చెప్పమనండి. వీలైతే ఎవరో ఒకరు ఆ నాలుగు రోజులు ఇంటి దగ్గర ఉండండి.

భాష దగ్గర కూడా మొహమాటపడొద్దు. 2011 లెక్కల్లో లంబాడీ మాట్లాడతామని చెప్పినవాళ్ళు దేశం మొత్తం 32 లక్షలకు పైగా ఉన్నారు. వాళ్ళను హిందీ కింద కలిపేశారు. ఎరుకల భాషను తమిళం కింద కలిపారు. ఎరుకలవాళ్ళు అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోనే 5 లక్షలకు పైగా ఉంటే, ఆ భాష మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు 60 వేల మంది కూడా లేరు. మిగతావాళ్ళలో భాష మర్చిపోయినవాళ్ళు ఉన్నారు, వచ్చి కూడా సిగ్గుపడి తెలుగు అని చెప్పినవాళ్ళూ ఉన్నారు. ఎరుకల తమ్ముడి ఇంట్లో జేజికి పూర్తిగా వచ్చు, వాళ్ళమ్మకు అర్థమవుతుంది, తమ్ముడికి సగం. "ఈసారి మా ఇంట్లో తెలుగు అని చెప్పనివ్వను" అంటన్నాడు. సెలవులకెళ్ళినప్పుడల్లా జేజి దగ్గర కూర్చుని మాటలు నోట్సులో రాసుకుంటన్నాడు.

సవరలకు ఒక మేలు జరిగింది, అది కూడా తెలుసుకోండి. వాడుక తెలుగు కోసం కొట్లాడిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. జనం ఎలా మాట్లాడతారో అలాగే రాయాలని పట్టుబట్టిన మనిషి, రాత లేని భాషను కూడా చెవితో విని రాసిపెట్టాడు. మన భాషలకు ఇంకో గిడుగు వస్తాడని ఎదురుచూడక్కర్లేదు. మన చేతుల్లో ఫోన్లున్నాయి, రికార్డు చేయొచ్చు. మనకు చదువొచ్చింది, రాయొచ్చు.

ఇంకొక్క సంగతి చెప్పి ఆపుతాం. స్పానిష్‌లో 'నోసోత్రోస్' అని ఒక్కటే మాట, మేమైనా అదే, మనమైనా అదే. తెలుగులో రెండూ వేరు. దక్షిణ అమెరికా కొండల్లోని కెచువా ఆదివాసుల భాషలో కూడా మనలాగే రెండు మాటలున్నాయంట. ఈ పోస్టు పొడుగునా మేం 'మేం' అని రాశాం, ఎందుకంటే ఇది మా గది కథ, మా గట్టు కథ. కానీ తాడు కట్టిన తడికలు మా ఒక్క గట్టు మీదే లేవు. మీ గూడెంలో, మీ తండాలో, మీ పేటలో ఇల్లు ఎలా కడతారు, ఎలా కప్పుతారు, "ఏం చేస్తన్నావ్" అని మీ భాషలో ఎలా అడుగుతారు, కింద రాయండి. జవాబు ఏ భాషలో చెప్పినా సరే. ఉన్నాం అని కాదు, ఉంటన్నాం అని చెప్పండి.

మరి, వెళ్ళొస్తాం.